తెలీదు అనని మేనేజరు

మా లాడ్జి మేనేజరు పోయాడన్న సంగతి నాకు రేణిగుంట స్టేషన్లో తెలిసింది. ఒకప్పుడు ఆ లాడ్జిలో గదులు ఊడ్చిన ఆవిడ ప్లాట్‌ఫారం మీద కనిపించి, మాటల్లో చెప్పింది.

"ఎప్పుడు పోయినాడమ్మా?" అన్నాను.

"అది తెలీదు సార్. పోయినాడని మాత్రం తెల్సు."

"జబ్బేమన్నా చేసిందా?"

"అదీ తెలీదు."

ఆయన బతికున్న రోజుల్లో ఆయన ముందర ఇలా వరసగా రెండు 'తెలీదు'లు అనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత బండి వచ్చేదాకా ఒక్కణ్ణే కూర్చుని ఉండిపోయాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు నేను తిరుపతి చేరాను. యూనివర్సిటీలో తత్వశాస్త్రంలో పరిశోధన. నాకిచ్చిన విషయం సర్వజ్ఞత్వం. అంటే, అన్నీ తెలిసినవాడు ఒకడు ఉండడం సాధ్యమా అని. జైనులు సాధ్యమేనన్నారు. మీమాంసకులు ససేమిరా అన్నారు. ఇంకొందరు, అన్నీ తెలియనక్కర్లేదు, మనిషికి కావలసింది తెలిస్తే చాలన్నారు. వందల ఏళ్ళు తెగని ఆ తగాదాను నేను మూడేళ్ళలో తెంచాలి. హాస్టల్లో చోటు దొరక్క, రైల్వే స్టేషనుకు దగ్గర సందులో ఒక లాడ్జికి పోయి, నెలవారీ గది ఉందా అని అడిగాను.

కౌంటరు వెనక యాభై ఏళ్ళ మనిషి. చొక్కాకి మెడ దగ్గరి గుండీ కూడా పెట్టుకున్నాడు. చెవి మీద పెన్సిలు. బల్ల మీద ఇత్తడి గంట. అరచేత్తో ఆ గంటను ఒకసారి మోగించి, కళ్ళు మూసుకుని, మోత ఆగేలోపల చెప్పాడు.

"మీది మదనపల్లి. ఇంట్లో మూడోవోరు. కడుపులో మంట ఉండాది. మూడో అంతస్తు మీకు సరిపోతాది, గాలి బాగా వస్తాది."

మాది పలమనేరు. నేను ఇంటికి పెద్దవాణ్ణి. కడుపులో ఏ మంటా లేదు. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి, తాళంచెవి చేతిలో పెట్టాడు. సాయంత్రానికి కడుపులో మంట మొదలైంది. ఇప్పటికీ ఉంది.

గంట మోగడం, మోత ఆగేలోపు జవాబు రావడం. ఆయన పద్ధతి అదే. ఆ గంటకి పలికి లోపల్నుంచి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. అది పిలుపు గంట కాదని పనివాళ్ళకి తెలుసు. రూము ఖాళీ ఉందా మొదలుకొని, పుట్టబోయేది ఆడా మగా, కోర్టు వ్యాజ్యం ఎప్పుడు తేలుతుంది, ఉత్తరదేశంలో వానలు పడ్డాయా వరకు, ఏం అడిగినా ఆయన దగ్గర జవాబు ఉండేది. అడిగినవాళ్ళకి 'తెలీదు' అన్న జవాబు మాత్రం ఆ రోజుల్లో ఆయన నోట నేను వినలేదు. బెంగాలీవాళ్ళు బెంగాలీలో, మరాఠీవాళ్ళు మరాఠీలో ఏదో అడిగేవాళ్ళు. ఆయనకి ఆ భాషలు రావు. గంట కొట్టి, ఉత్తరం దిక్కు చెయ్యి చూపించేవాడు. కొండ అటే కాబట్టి సగం మందికి అది సరైన జవాబే అయ్యేది. మిగతా సగం మంది కూడా కొండ చూసి దండం పెట్టుకుని పోయేవాళ్ళు.

"తెలీని సంగతి తెలుసని ఎందుకు చెప్తారు? తప్పు కాదా?" అని ఒకరోజు కాఫీ తాగుతూ అడిగాను.

"వాళ్ళు యాడాడ నుంచో వచ్చింటారు సార్. మనం తెలీదంటే ఇంగొకని కాడికి పోవల్ల. వానికీ తెలీదు. ఆడ్నించి ఇంగొకడు. తప్పో ఒప్పో ఒక దావ చెప్తే కాళ్ళు కదుల్తాయి. నిలబడిపోయిన మనిషిని చూడలేను నేను."

"మరి దేవుడికి అన్నీ తెలుసంటారా?" నా పరిశోధనకి ఏమైనా పనికొస్తుందేమోనని అడిగాను.

ఆయన గంట కొట్టాడు. "తెల్సు గాబట్టే కొండమీద సామి నిలబడుకోని ఉండాడు. అన్నీ తెలిసినోడు కూసోలేడు సార్. ఈ కౌంటర్లో ఒక దినం మీరు ఉండి చూడండి, కూసోనిస్తారేమో."

ఆ జవాబు నేను నోటుబుక్కులో రాసుకున్నాను. మా గైడు దాన్ని చదివి, చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

ఒక ఆదివారం ఆయన నన్ను తిరుచానూరులో తన ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆయన భార్య వడ్డిస్తూ, "లాడ్జిలో ఈయన అన్నీ చెప్తాడంట గదా సార్? మా పెద్దది ఏ క్లాసు చదవతా ఉండాదో అడగండి" అంది.

ఆయన చెయ్యి ఒకసారి గాల్లో లేచి, ఆకు పక్కన నేలమీద వాలింది. "ఎనిమిది" అన్నాడు.

"పదో క్లాసు. అదీ పోయినేడు."

ఆయన తలొంచుకుని రసం పోసుకున్నాడు. నన్ను బస్సెక్కించడానికి వచ్చినప్పుడు మెల్లగా చెప్పాడు: "ఇంట్లో గంట లేదు సార్."

ఇక గూడూరు సంగతి. పుత్తూరు నుంచి ఒక కుటుంబం లాడ్జికి వచ్చింది. వాళ్ళ తమ్ముడు ఇంట్లో కొట్లాడి వెళ్ళిపోయాడు. కొండకొచ్చి గుండు కొట్టించుకుని ఇక్కడే తిరుగుతున్నాడేమో చూశారా అని అడిగారు. ఆయన గంట కొట్టిన క్షణంలోనే స్టేషన్లో గూడూరు ప్యాసింజరు కూత వేసింది.

"గూడూరు పోయినాడు" అన్నాడు ఆయన.

వాళ్ళు ఆ బండే పరిగెత్తి ఎక్కారు. మూడోరోజు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, ఒక గంప నిమ్మకాయలతో తిరిగొచ్చారు. అతను నిజంగానే గూడూరులో నిమ్మకాయల మండీలో గోతాలు కుడుతున్నాడట. ఇంటిల్లిపాదీ కౌంటరు ముందు సాష్టాంగపడ్డారు. కౌంటరు వెనక మనిషి వాళ్ళకి కనపడలేదు, వాళ్ళు ఆయనకి కనపడలేదు. "నాకు తెల్సు, లెయ్యండి" అన్న గొంతు మాత్రం పైనుంచి వినిపించింది.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "నిజంగా తెలుసా?"

"చెప్పేటప్పుడు తెలీదు సార్. చెప్పినాంక తెల్సింది."

ఇది నాకు గొప్ప సిద్ధాంతంలా తోచింది. మాట ముందు, జ్ఞానం తర్వాత. మా గైడు దగ్గరికి పరిగెత్తాను. "ఏ గ్రంథంలో ఉంది?" అన్నారాయన. లాడ్జి మేనేజరు అన్నాడని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయితే పాదసూచికలో పెట్టు" అన్నారు.

ఆ తర్వాత లాడ్జి ముందు పోగొట్టుకున్నవాళ్ళు బారులు తీరారు. ఎద్దు పోయినవాళ్ళు, పట్టా కాగితం పోయినవాళ్ళు, కంటి చూపు పోయినవాళ్ళు. అందరికీ ఒకటే జవాబు: గూడూరు. జిల్లాలో సగం మంది గూడూరు పోయొచ్చారు. విచిత్రం ఏమిటంటే, ఊరికే తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. ఆవును వెతుక్కుంటూ పోయిన ఒకాయనకి అక్కడ కూతురికి సంబంధం కుదిరింది. ఆవు సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. లాడ్జి ఓనరు మురిసిపోయి, కౌంటరు మీద కొత్త ట్యూబులైటు వేయించాడు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున నగరి నుంచి ఒకామె వచ్చింది. మగ్గం నేసేవాళ్ళు. వయసు ముప్పై దాటదు. ఒకపక్క ఆమె అత్త, ఇంకోపక్క ఆమె అన్న. అన్న ఊరు పుత్తూరు. గూడూరులో తమ్ముణ్ణి పట్టుకొచ్చిన కుటుంబం ఉండేది వాళ్ళ వీధిలోనే. వచ్చిన పని అతనే చెప్పాడు. ఆరేళ్ళ కిందట ఆమె భర్త నూలు తెస్తానని బస్సెక్కి పోయాడు. అంతే. మనిషి లేడు, ఉత్తరం లేదు.

"నా కొడుకు ఉండాడు" అంది అత్త.

"లేడు. ఉంటే ఆరేండ్లు రాకుండా ఉంటాడా?" అన్నాడు అన్న.

ఆమె అప్పటిదాకా గోడనే చూస్తూ నిలబడి ఉంది. ఇప్పుడు ముందుకొచ్చి, కౌంటరు అంచు పట్టుకుంది.

"నగరిలో నేను ముత్తైదువ సామీ. పేరంటానికి పిలస్తారు, పసుపు పూస్తారు. పుత్తూరు పోతే మా వొదిన పెండ్లి పందిట్లోకి రానీదు. బస్సు సగం దావలో పూలు తీసి సంచిలో ఏసుకుంటా. తిరిగొచ్చేటప్పుడు మళ్ళా పెట్టుకుంటా. కండక్టరుకి గూడా అలవాటైపోయింది. ఆ మలుపు రాంగానే 'అమ్మా, పూలు' అంటాడు."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. ఆమె కూడా కొంచెం నవ్వింది.

"మా కులపెద్దలకి విసుగొచ్చి, తిరుపతి మేనేజరు కాడికి పోండి, ఆయన ఏం చెప్తే అదే అన్నారు. ఈళ్ళిద్దరూ సరేనన్నారు. ఉండాడనైనా చెప్పు, లేడనైనా చెప్పు. ఏదో ఒకటి. సగం దావలో ఉండలేక పోతా ఉండాను."

"గుర్తులేమన్నా ఉండాయా?" అన్నాడు మేనేజరు. ఆయన ఎవరినీ గుర్తులు అడిగేవాడు కాదు. ఆ రోజు ఎందుకో అడిగాడు.

"ఎడమచెయ్యి చిటికెనేలు సగమే ఉంటాది. మగ్గంలో నలిగింది. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు."

ఆయన గంట మోగించాడు. మోత సన్నబడింది, ఆగిపోయింది. జవాబు రాలేదు. మెట్ల మీద నిలబడ్డ ఒకాయన ఉండబట్టలేక, "గూడూరు" అని అందించాడు. మేనేజరు వినలేదు. రెండోసారి గంట కొట్టాడు. మళ్ళీ ఆగిపోయింది. మూడోసారి చెయ్యి ఎత్తి, కొట్టకుండానే దించేశాడు.

"తెలీదు తల్లీ" అన్నాడు.

ముందు తేరుకున్నది అత్త. "సూసినారా! పోయుంటే పోయినాడని చెప్పుండడా? ఉండాడనే అర్థం!"

"లేడు గాబట్టే ఆయనకి నోరు రాలేదు. ఆడబిడ్డ మొగం చూసి ఎట్ల చెప్తాడు?" అన్నాడు అన్న.

ఇద్దరూ ఒకరి మీద ఒకరు కేకలు వేసుకోవడం మొదలుపెట్టారు. లాడ్జిలో దిగినవాళ్ళు కూడా రెండు పక్షాలుగా చీలిపోయారు. మదరాసు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, ఏ సంగతీ తెలియకుండానే, అన్న పక్షం చేరాడు. అప్పుడు మేనేజరు బల్ల మీద చరిచి అరిచాడు. ఆయన అరవగా నేను చూసింది అదొక్కసారే.

"తెలీదంటే తెలీదనేప్పా అర్థం! నీకూ తెలీదు, నీకూ తెలీదు!"

అందరూ ఆగిపోయారు. ఆమె మాత్రం ఇంకొంచెం ముందుకు జరిగింది. ఆరేళ్ళలో తెలీదని ఒప్పుకున్న మనిషి ఆమెకి ఆయనొక్కడే కాబోలు. ముఖం తేటపడింది.

"అట్లయితే పూలు సామీ? తెలీని మనిషి పూలు పెట్టుకోవచ్చునా?"

"పెట్టుకోవాలనుంటే పెట్టుకో. వద్దనుకుంటే తీసెయ్. సగం దావలో మాత్రం తీయొద్దు."

ఆమె తలూపి, ఎవరికోసమూ చూడకుండా బయటికి నడిచింది. తర్వాత తెలిసింది, ఆమె అత్తింటికీ పోలేదు, పుట్టింటికీ పోలేదు. నగరిలోనే వేరే ఒక ఇంటి పంచ బాడుగకు తీసుకుని, తన మగ్గం అక్కడ వేసుకుందట.

ఇక మేనేజరు పని అయిపోయిందనుకున్నాను. జరిగింది వేరు. తెలీదన్న మాట ఊరంతా పాకి, జనం రెండింతలయ్యారు. "అందురికీ చెప్పే మనిషి చెప్పలేదంటే అది ఎంత పెద్ద సంగతో!" అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఆయన నోటి నుంచి ఆ మాట తమకూ పడితే బాగుండునని వచ్చేవాళ్ళు. ఆయనకీ దాని రుచి తెలిసినట్టుంది. అన్నిటికీ ఇప్పుడు ఒకటే జవాబు, గంట కూడా లేకుండా.

"రూము ఖాళీ ఉందా?"

"తెలీదు."

"మీ లాడ్జిలో రూము ఉందో లేదో మీకు తెలీదా?"

"తలుపు తెరిస్తే గదా తెలిసేది."

యాత్రికులు ఆ మాటకి పొంగిపోయి, దండం పెట్టి, పక్క లాడ్జికి పోయి దిగేవాళ్ళు. ఓనరు నెలరోజులు ఓర్చుకుని, ఆయన్ని కౌంటరు నుంచి తీసి, రెండో అంతస్తులో దిళ్ళు, దుప్పట్లు ఉండే స్టోరు గదికి మార్చాడు. ఆయన ఏమీ అనుకోలేదు. చొక్కా పైగుండీ విప్పేసి, దిళ్ళ మధ్య హాయిగా కూర్చునేవాడు.

అక్కడే ఒక మధ్యాహ్నం, దిండు గలీబుకి చిరుగు కుడుతూ, తలెత్తకుండా చెప్పాడు.

"ఆ నగరి ఆయమ్మ మొగుడు మన లాడ్జిలో దిగినాడు సార్. రెండు తూర్లు. రిజిస్టర్లో ఊరు ఈరోడు అని రాసినాడు. పెండ్లాం, ఇద్దురు బిడ్డలు. పాపకి వెంట్రుకలు తీయించను వచ్చినారు. తాళంచెవి ఇచ్చేటప్పుడు చూసినా ఆ ఏలు. ఏందో అంటే నవ్వినాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని."

"మరి తెలీదన్నారే!"

"ఇన్నేండ్లు తెలీకుండానే తెల్సన్నా సార్. ఎవురికీ ఏం కాలే. ఆపొద్దు మొట్టమొదటి తూరి నిజంగా తెల్సింది. చెప్తే ఆయమ్మ ఏమైతాదో, అది తెలీలేదు. ఉండాడని చెప్పల్లనా? ఆయమ్మకి ఉండాడా వాడు?"

నాకు కోపం వచ్చింది. ఆమెకు తెలుసుకునే హక్కు ఉందన్నాను. దాచడానికి మీరెవరన్నాను. మూడేళ్ళుగా చదివిన పుస్తకాల్లో అన్నీ తెలిసినవాడు ఉన్నాడా లేడా అనే తప్ప, తెలిసినవాడు ఎదురుగా నిలబడ్డ మనిషికి ఏం చెప్పాలో ఎవరూ రాయలేదు. అది కూడా ఆయన తప్పే అన్నట్టు అరిచాను.

ఆయన సూది దిండుకు గుచ్చాడు. "హక్కు ఉండాది సార్. నాకు నోరు రాలే. మీరు చదువుకున్నోరు, మీరు పొయ్యి చెప్పండి." చెవి మీది పెన్సిలు తీసి, చీటీ మీద ఆమె ఉండే వీధి గుర్తులు రాసిచ్చాడు.

మర్నాడే నగరి పోయాను. ఆమె మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. "మేనేజరు సామి పక్కన నిలబడుకోని ఉన్నారు గదా మీరు?" అంది. నేను ఏమీ అనకముందే నా ముఖంలోకి అలా చూసి, పడుగులోంచి అటూ ఇటూ తోసే నాడె పక్కన పెట్టింది.

"ఏందో తెలుసుకోని వచ్చినారు."

"అవునమ్మా."

ఆమె పడుగు పోగుల్ని వేళ్ళతో సర్దింది. బయట ఎవరో నూలు ఆరేస్తూ పాట పాడుకుంటున్నారు.

"ఈ పడుగు అయిపోనీయండి సార్" అంది. "నేసేటప్పుడు మనసు చెదిరితే పోగులు తెగతాయి. ఇరవై దినాలు. అప్పుడు చెప్పండి."

సరేనన్నాను. ఆ ఇరవై రోజులు నేనొక్క పేజీ రాయలేదు. తెలిసిన సంగతిని కడుపులో పెట్టుకుని తిరగడం అంత బరువని నాకు తెలియదు. కడుపులో మంట ఎక్కువైంది. ఇరవై ఒకటో రోజు మళ్ళీ పోయాను. మగ్గం మీద కొత్త పడుగు. తెల్ల నూలు, ఎర్ర అంచు.

"నిన్ననే ఎక్కించినా సార్" అంది. మజ్జిగ ఇచ్చింది.

ఇంకో ఇరవై రోజులాగి మూడోసారి పోయాను. నేను వీధి మలుపు తిరగ్గానే నాడె చప్పుడు జోరందుకుంది. లోపలికి పోయేసరికి, మళ్ళీ తెల్ల నూలు, ఎర్ర అంచు. ఆమె తలెత్తి నవ్వింది. నేనూ నవ్వాను. మజ్జిగ తాగి వచ్చేశాను.

తిన్నగా స్టోరు గదికి పోయి, జరిగిందంతా మేనేజరుకి చెప్పాను. ప్రతిసారీ కొత్త పడుగు ఉంటోందని, ఆమె ఎప్పటికీ చెప్పనిచ్చేలా లేదని.

"అయి తువ్వాళ్ళు సార్" అన్నాడు ఆయన.

"ఏవి?"

"ఆయమ్మ నేసేటివి. మన లాడ్జికే. ఓనరుతో చెప్పి నేనే పురమాయించినా."

"ఎన్నాళ్ళు పురమాయిస్తారు? లాడ్జికి ఎన్ని తువ్వాళ్ళు కావాలి?"

"లాడ్జిలో తువ్వాళ్ళు ఎప్పుడన్నా సాలినాయా సార్?" అని లేచి, వరండాలోకి తొంగిచూశాడు. ఎదురు గది ముందర ఒక కుటుంబం ఊరికి పోవడానికి సామాను సర్దుకుంటోంది. ఇంటిపెద్ద అటూ ఇటూ చూసి, ఎర్ర అంచు తడి తువ్వాలొకటి మడిచి ట్రంకుపెట్టె అడుగున దోపుతున్నాడు. మేనేజరు ఒక్క క్షణం చూసి, చప్పుడు కాకుండా స్టోరు గది తలుపు దగ్గరికేశాడు.